సర్కారు జిల్లాల నుంచి బెర్లిన్ దాకా: రంబోల్డు దొరల అయిదు తరాల కథ

జర్మనీలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలు తరచు వేసే ప్రశ్న ఒకటున్నది. "ఈ దేశానికీ మన తెలుగునాటికీ పాత సంబంధం ఏమైనా ఉన్నదా?" అని. దానికి మన పెద్దలు చెప్పే జవాబులు రెండు మూడున్నాయి. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతబోధకుడు మద్రాసులో తెలుగు నేర్చుకొని, 1746, 1747 సంవత్సరాలలో హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన సంగతి ఒకటి. హెల్మ్‌స్టెట్‌లో పుట్టిన హేయర్ పాదిరీ అమెరికా మీదుగా 1842లో గుంటూరు చేరి అక్కడ బడులు నెలకొల్పిన సంగతి మరొకటి. ఇవి మన సంచికలలోనూ సభలలోనూ విన్నవే. విన్నకొద్దీ సంతోషం కలిగించేవే.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన సంబంధం అంత సంతోషకరమైనది కాదు. అయినా తెలుసుకోదగినది. ఇది ఒక ఆంగ్లేయ కుటుంబం కథ. ఆ కుటుంబానికి బిరుదు వచ్చింది మద్రాసులో, మన ఉత్తర సర్కారుల మీద అధికారం నెరపుతున్న రోజుల్లో. ఆ బిరుదును ధరించిన కొడుకును హాంబుర్గులో నెపోలియన్ సైనికులు అర్ధరాత్రి ఎత్తుకుపోయారు. మనుమడు హైదరాబాదులో నిజాముకు అప్పులిచ్చిన కొఠీలో భాగస్వామియై, ఆ ఊరిలోనే కన్నుమూశాడు. మునిమనుమని కొడుకు బెర్లినులో రాయబారిగా ఉండి, హిట్లరు ఏమి చేయబోతున్నాడో 1933లోనే తన ప్రభుత్వానికి వ్రాసి పంపాడు. ఒకే ఇంటిపేరు, ఒకే బిరుదు. ఇందులో మన రైతు చెల్లించిన శిస్తూ ఉన్నది, మన పిల్లలు నేడు నడిచే జర్మన్ వీధులూ ఉన్నాయి.

బారనెట్టు అంటే ఎవరు?

ముందుగా ఈ బిరుదు సంగతి. మనవారు ఇంగ్లీషు దొరల పేర్ల ముందు 'సర్' అని కనబడితే అందరినీ ఒకే గాటకు కడతారు. కాని అందులో రెండు రకాలున్నాయి. గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొరకు 1861లో వచ్చిన 'సర్' ఆయనతోనే పోయేది. బారనెట్టు బిరుదు అలా కాదు. తండ్రి తరువాత పెద్దకొడుకుకు, అతని తరువాత అతని కొడుకుకు సంక్రమించేది. అయితే ప్రభువుల సభలో కూర్చునే అర్హత మాత్రం దానికి లేదు. బారనెట్టు అయినవాడు కామన్స్ సభకు ఎన్నిక కావలసినదే.

ఈ బిరుదు పుట్టుకలోనే డబ్బు ఉన్నది. 1611లో మొదటి జేమ్సు రాజు ఐర్లండులో సైన్యాన్ని పోషించడానికి సొమ్ము చాలక దీనిని కల్పించాడు. ముప్పయి మంది సైనికులను మూడేళ్లు పోషించగల మొత్తం, అంటే 1,095 పౌన్లు, చెల్లించినవారికి బిరుదు దక్కేది. తరువాతి రోజుల్లో ఆ ధర పోయినా, ధనవంతుల బిరుదన్న పేరు మాత్రం పోలేదు.

మన ప్రాంతంతో ముడిపడిన బారనెట్టులలో అందరికీ తెలిసినవాడు సర్ థామస్ మన్రో. దత్తమండలాలలో రైతువారీ పద్ధతి నెలకొల్పి, 1825లో బారనెట్టు అయి, 1827లో పత్తికొండలో కలరాతో మరణించినవాడు. రాయలసీమ పల్లెల్లో ఆయనను నేటికీ తలచుకుంటారు. కాని ఆయనకు దాదాపు యాభై ఏళ్ల ముందే మరొక సర్ థామస్ మద్రాసు గద్దె మీద కూర్చున్నాడు. ఆయనను తలచుకునే పల్లె మాకు తెలిసినంతలో ఒక్కటీ లేదు. ఆయనే సర్ థామస్ రంబోల్డు.

మొదటి తరం: మద్రాసు గవర్నరు

థామస్ రంబోల్డు 1736లో ఇంగ్లండులోని ఎసెక్సు సీమలో పుట్టాడు. తండ్రి కూడా కుంఫిణీ ఉద్యోగియే. థామస్ 1752లో పదహారో యేట గుమాస్తాగా సెయింట్ జార్జి కోటకు వచ్చి, కొంతకాలానికే కలం వదలి కత్తి పట్టాడు. తిరుచిరాపల్లి యుద్ధంలో పాల్గొన్నాడు. 1757లో ప్లాసీ యుద్ధభూమిలో క్లైవుకు అంగరక్షకోద్యోగిగా ఉండి గాయపడ్డాడు. ఆపైన మళ్లీ కలం పట్టి, పాట్నాలో కుంఫిణీ అధిపతిగాను, బెంగాల్ మండలి సభ్యుడుగాను పనిచేసి, 1769లో పెద్ద సంపన్నుడై స్వదేశం చేరాడు.

ఇలా తూర్పుదేశపు సొమ్ముతో తిరిగివచ్చినవారిని ఆనాటి ఇంగ్లీషువారు 'నబాబు'లని ఎగతాళి చేసేవారు. నబాబులు చేసే మొదటి పని పార్లమెంటులో స్థానం సంపాదించడం. రంబోల్డూ అదే చేశాడు. 1774లో షాఫ్ట్స్‌బరీ అనే ఊరి నుంచి ఆయన గెలిచిన ఎన్నిక ఇంగ్లండులో లంచగొండితనానికి మారుపేరయింది. వారి తోలుబొమ్మలాటలో పంచ్ అనే హాస్యగాడు ఒకడున్నాడు, మన కేతిగాడి వంటివాడు. ఆ వేషం వేసుకున్న మనిషి తలుపు కన్నంలోంచి ఓటర్లకు గినీల పొట్లాలు అందించాడని విచారణలో బయటపడింది. కామన్స్ సభ ఆ ఎన్నికను కొట్టివేసింది.

అలాంటి పెద్దమనిషిని 1777లో కుంఫిణీ డైరెక్టర్లు మద్రాసు గవర్నరుగా నియమించారు. 1778 ఫిబ్రవరిలో ఆయన పదవి చేపట్టాడు. అప్పటికి మన సర్కారుల పరిస్థితి ఏమిటో ఒకసారి గుర్తుచేసుకోవాలి. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అనే అయిదు సర్కారులలో మొదటి నాలుగూ 1765 నాటి మొగలు ఫర్మానాతోను, 1766 నాటి నిజాము ఒడంబడికతోను కుంఫిణీ చేతికి వచ్చాయి. గుంటూరు మాత్రం నిజాము తమ్ముడు, ఆదవాని పాలకుడు అయిన బసాలత్ జంగు జీవితకాలం వరకు ఆయనదే. కుంఫిణీ వారికి దేశం చేతికి వచ్చింది గాని, దేశపు లెక్క చేతికి రాలేదు. ఏ జమీందారు ఎంత వసూలు చేస్తున్నాడు, రైతు దగ్గర ఎంత మిగులుతున్నది, చెరువులూ కాలువలూ ఎలా ఉన్నాయి అన్నది వారికి తెలియదు. అందుకని ఊరూరూ తిరిగి విచారించడానికి ఒక సంచార సంఘాన్ని ఏర్పరచవలసిందని లండన్ నుంచి ఉత్తరువు వచ్చింది.

రంబోల్డు దొర వచ్చీ రాగానే ఆ సంఘాన్ని నిలిపివేశాడు. జమీందారులే స్వయంగా మద్రాసుకు వచ్చి తమ పేష్కషు తేల్చుకోవాలని ఆజ్ఞాపించాడు. సంఘం తిరుగుళ్లకు ఖర్చెక్కువ, కాలయాపన ఎక్కువ అన్నది ఆయన చూపిన కారణం. వినడానికి సబబుగానే ఉన్నది. కాని విజయనగరం నుంచి మద్రాసు సుమారు 800 కిలోమీటర్ల దూరం. పల్లకీలు, బోయీలు, పరివారం, దారి ఖర్చులు, అక్కడ నెలల తరబడి బస, దుబాషీలకు మామూళ్లు. ఇవన్నీ ఎవరి నెత్తిన పడతాయి? జమీందారు తన పెట్టెలోంచి తీసి ఇచ్చినా, ఆ పెట్టె మళ్లీ నిండేది రైతు గాదెలోంచే. పైగా ఊరిలో జరిగే విచారణకు ఊరంతా సాక్షి. మద్రాసులో గవర్నరు గదిలో జరిగే బేరానికి సాక్షి ఎవరు? గవర్నరు ఒక్కడే జమీందారులతో మంతనాలు సాగించాడనీ, మండలి సభ్యులు ఆపైన తలలూపారనీ తరువాతి రోజుల్లో ఆయన మీద మోపిన ఆరోపణలలో ఇది ముఖ్యమైనది.

విజయనగరం వ్యవహారం వీటన్నింటికీ తలమానికం. 1757 బొబ్బిలి యుద్ధంలో పెద విజయరామరాజు మరణించిన తరువాత కొన్నేళ్లకు, చిన్నవయసులోనే పూసపాటి విజయరామరాజు గద్దెనెక్కాడు. పెత్తనం మాత్రం అన్న సీతారామరాజుది. ఈ అన్నదమ్ముల మధ్య పొసగలేదు. సీతారామరాజు ముందుగా మద్రాసు చేరి గవర్నరు ప్రాపకం సంపాదించాడు. దివానుగా అన్నను అంగీకరించడం తనకు సమ్మతం కాదని విజయరామరాజు ఎంత మొత్తుకున్నా, రంబోల్డు ఆయనను బెదిరించి ఒప్పించాడు. గవర్నరు కార్యదర్శి రెడ్‌హెడ్డుకు సీతారామరాజు నుంచి లక్ష రూపాయలు ముట్టవలసి ఉన్నట్లు కాగితాలు దొరికాయని విచారణలో చెప్పారు.

ఇక్కడ ఒక్క మాట. మన రాజులు పుణ్యాత్ములు, దొరలు పాపాత్ములు అని కథను రెండు ముక్కలు చేయడం మా ఉద్దేశం కాదు. పుచ్చుకున్న చేయి ఒకటైతే ఇచ్చిన చేయి మరొకటి. ఆ రెండు చేతులకూ అందని దూరంలో, రెంటి బరువునూ మోసినవాడు కాపు.

గుంటూరు ముడి

1778 అక్టోబరులో కుంఫిణీ సేనలు ఫ్రెంచివారి నుంచి పుదుచ్చేరిని పట్టుకొన్నాయి. ఆ విజయానికి ప్రతిఫలంగా 1779 మార్చిలో రంబోల్డుకు బారనెట్టు బిరుదు ప్రసాదించారు. మన కథలోని బిరుదు ఇదే.

మరుసటి నెలలోనే ఆయన ఆదవాని బసాలత్ జంగుతో ఒప్పందం చేసుకొని గుంటూరు సర్కారును కుంఫిణీకి ఇజారా తీసుకొన్నాడు. తీసుకొన్నదానిని తన దగ్గర ఉంచుకోక, ఆర్కాటు నవాబు మహమ్మదాలీకి పదేళ్లకు మారు ఇజారా ఇచ్చాడు. తమ్ముని సర్కారు తనకు చెప్పకుండా చేతులు మారినందుకు హైదరాబాదులో నిజాము మండిపడ్డాడు. బసాలత్ జంగుకు సాయంగా పంపిన దళం తన భూములలో నుంచి పోజూచినందుకు, అప్పటికే మాహె రేవు పట్టుకొన్నందుకు హైదరాలీ పగబట్టాడు. 1780 ఏప్రిల్‌లో రంబోల్డు రాజీనామా ఇచ్చి ఓడ ఎక్కాడు. జూలైలో హైదరాలీ సేనలు కర్ణాటక మైదానాల మీద విరుచుకుపడ్డాయి. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ దళం సర్వనాశనమయింది. ఆ దళం వచ్చింది గుంటూరు నుంచే. గవర్నరు దొర చేసిన బేరానికి వెల చెల్లించినది గుంటూరులో ఉన్న సిపాయీలు. వారిలో ఎంతమంది పేర్లు నేడు ఎవరికి తెలుసు?

1781 జనవరిలో కుంఫిణీ డైరెక్టర్లు రంబోల్డును తమ కొలువు నుంచి తొలగించారు. కామన్స్ సభలో హెన్రీ డండాసు నాయకత్వాన రహస్య సంఘం విచారణ జరిపింది. రెండేళ్లు నిండకుండానే ఆయన 1,64,000 పౌన్లకు పైగా స్వదేశానికి పంపాడనీ, ఆయన రాబడి ఏటా 20,000 పౌన్లకు మించదనీ లెక్క చూపారు. 1782లో ఆయనను శిక్షించే బిల్లు సభకు వచ్చింది. వాయిదాలు పడి, సభ్యులు హాజరు కాక, 1783లో అది నీరుగారిపోయింది. సర్ థామస్ మాత్రం 1790 దాకా పార్లమెంటు సభ్యుడుగానే ఉండి, 1791లో మరణించాడు. హెర్ట్‌ఫర్డు సీమలో ఆయన కట్టించిన ఉడ్‌హాల్ మేడను ఆయన తరువాత కొన్నవాడు పాల్ బెన్‌ఫీల్డు. ఆర్కాటు నవాబుకు వడ్డీల మీద వడ్డీలు కట్టి అప్పులిచ్చిన ఘనుడు. అలా మన దక్షిణదేశపు సొమ్ము ఒక గుమ్మంలోనే రెండుసార్లు కాలు పెట్టింది.

విజయనగరంలో ఈ కథకు ముగింపు వేరుగా జరిగింది. అన్నదమ్ముల తగవు, పేరుకుపోయిన బకాయిలు, కుంఫిణీ ఒత్తిడి అన్నీ కలిసి సంస్థానాన్ని క్రుంగదీశాయి. చివరకు రాజును గద్దె దిగి మచిలీపట్నం పొమ్మన్నారు. విజయరామరాజు పోలేదు. 1794 జూలై 10వ తేదీన పద్మనాభం కొండ దగ్గర కుంఫిణీ సేనను ఎదిరించి ప్రాణాలు విడిచాడు.

రెండవ తరం: హాంబుర్గు నగరంలో

సర్ థామస్ కొడుకు సర్ జార్జి రంబోల్డు 1764లో బెంగాల్‌లో పుట్టాడు. తండ్రి బిరుదు ఈయనకు సంక్రమించింది. ఈయన వర్తకానికి గాని పాలనకు గాని పోక దౌత్యవృత్తిలో ప్రవేశించి, హాంబుర్గులో బ్రిటిషు ప్రతినిధిగా నియమితుడయ్యాడు. నెపోలియన్ సేనలు 1803 నుంచి హనోవరును ఆక్రమించుకొని ఎల్బే నదికి ఆవలి గట్టున కూర్చున్న రోజులవి. హాంబుర్గు మాత్రం స్వతంత్ర నగరం, తటస్థ నగరం.

1804 మార్చిలో నెపోలియన్ మనుషులు బాడెన్ సంస్థానంలోకి చొరబడి ఆంగియన్ ప్రభువును ఎత్తుకుపోయి కాల్చి చంపారు. యూరపు అంతా నివ్వెరపోయింది. ఆ యేడే అక్టోబరు 24వ తేదీ అర్ధరాత్రి దాటాక, ఫ్రెంచి దళం ఒకటి ఎల్బే నది దాటి వచ్చి, హాంబుర్గు ఊరి వెలుపల గ్రిండెల్ అనేచోట సర్ జార్జి విడిదిని చుట్టుముట్టింది. ఆయననూ ఆయన కాగితాలనూ పట్టుకొని హనోవరు మీదుగా పారిసు చేర్చి, టెంపుల్ చెరసాలలో పెట్టారు. ఆంగియన్ గతే తనకూ పట్టబోతున్నదని ఆయన అనుకొని ఉంటే ఆశ్చర్యం లేదు. అయితే ఉత్తర జర్మనీ తటస్థతకు హామీగా ఉన్న ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విల్‌హెల్ము గట్టిగా అభ్యంతరం చెప్పాడు. ప్రష్యాతో తగవు అప్పటికి నెపోలియన్‌కు అక్కరలేదు. కొద్దిరోజులలోనే ఖైదీని షెర్‌బూర్ రేవులో ఓడ ఎక్కించి పంపివేశారు. కాగితాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు. సర్ జార్జి 1807 డిసెంబరులో, ప్రష్యా రాజకుటుంబం తలదాచుకొంటున్న మెమెల్ పట్టణంలో జ్వరంతో మరణించాడు.

హాంబుర్గులో ఉన్న మన కుటుంబాలకు గ్రిండెల్ పేట సుపరిచితమే. విశ్వవిద్యాలయం ఉన్న పేట అది. ఆ పేరును మరొక కారణానికి కూడ మనం గుర్తుంచుకోవాలి. ఆ సంగతి ముందు వస్తుంది.

మూడవ తరం: హైదరాబాదు కొఠీ

మూడవ బారనెట్టు సర్ విలియం రంబోల్డు 1787లో పుట్టాడు. తాతగారి సంపద అప్పటికి చాలావరకు కరిగిపోయింది. కాని బిరుదూ పలుకుబడీ మిగిలాయి. గవర్నరు జనరల్ మార్క్విస్ హేస్టింగ్సు సంరక్షణలో పెరిగిన కన్యను పెళ్లాడి, 1813లో ఆయన పరివారంతోపాటు హిందూ దేశం వచ్చాడు. తాతకు మద్రాసు దారి చూపినట్టే, మనుమనికి హైదరాబాదు దారి చూపింది.

హైదరాబాదులో విలియం పామరు కొఠీ అప్పట్లో పెద్ద వడ్డీవ్యాపార సంస్థ. దాని యజమాని ఒక ఆంగ్ల సేనాధిపతికీ ఫైజ్ బక్ష్ బేగంకూ పుట్టిన కొడుకు. సర్ విలియం అందులో భాగస్వామిగా చేరాడు. దేశీయ ప్రభువులకు బ్రిటిషు పౌరులు అప్పులివ్వరాదని చట్టమున్నది. హేస్టింగ్సు 1816లో ఆ చట్టం నుంచి ఈ కొఠీకి మినహాయింపు ఇచ్చాడు. భాగస్వామి తన ఇంటి పిల్ల భర్త గదా! నిజాము మంత్రాంగం నడుపుతున్న రాజా చందూలాల్ అవసరానికి అప్పు తెచ్చుకోవడం, తాలూకాల రాబడిని హామీగా వ్రాసివ్వడం, వడ్డీకి మళ్లీ అప్పు చేయడం మొదలయింది. 1820లో ఒక్కసారిగా 60 లక్షల రూపాయల అప్పు మంజూరయింది. ఆ యేడు చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెసు మెట్‌కాఫ్ లెక్కలు తిరగవేసి, ఇది సర్కారును పీల్చివేసే వ్యవహారమని గవర్నరు జనరల్‌ను సైతం లెక్కచేయకుండా నిలదీశాడు. 1824లో కొఠీ మూతపడింది. సర్ విలియం 1833లో హైదరాబాదులోనే మరణించాడు.

ఈ అప్పు ఎలా తీరిందో గమనిస్తే పాఠకులకు ఆశ్చర్యం కలుగుతుంది. ఉత్తర సర్కారులకు గాను కుంఫిణీ నిజాముకు ఏటా 7 లక్షల రూపాయల పేష్కషు చెల్లిస్తూ ఉండేది. 1823లో ఆ పేష్కషును శాశ్వతంగా రద్దుచేసి, దానికి బదులు కోటి పదహారు లక్షల పైచిలుకు రూపాయలను ఒకే మొత్తంగా లెక్కగట్టారు. పామరు కొఠీ బాకీని ఆ సొమ్ముతోనే తీర్చారు. అంటే తాతగారు జమీందారులను మద్రాసుకు పిలిపించుకొన్న సర్కారులే చివరకు మనుమని కొఠీ బాకీకీ పూచీపడ్డాయి. తాత కోస్తాలో, మనుమడు తెలంగాణాలో. తెలుగునాటి రెండు భాగాలూ ఒక్క ఇంటి ఖాతాలో ఇలా చోటుచేసుకొన్నాయి.

నాలుగు, అయిదు తరాలు: బెర్లిన్

సర్ విలియం కొడుకులలో చివరివాడైన హోరేసు 1829లో కలకత్తాలో పుట్టాడు. వంశంలోని ఇతరుల తరువాత బిరుదు ఆయనకు చేరి ఎనిమిదవ బారనెట్టు అయ్యాడు. దౌత్యవృత్తిలో పైకి వచ్చి వియన్నాలో రాయబారిగా విరమించాడు. ఆయన కొడుకు, అదే పేరుగల తొమ్మిదవ బారనెట్టు సర్ హోరేసు రంబోల్డు, 1869లో పుట్టి తండ్రి వృత్తినే చేపట్టాడు.

1914 జూలైలో ఈయన బెర్లిన్ రాయబార కార్యాలయంలో రెండవ స్థానంలో ఉన్నాడు. రాయబారి సెలవులో ఉండగా కీలకమైన రోజుల్లో బాధ్యతంతా ఈయనదే అయింది. ఆగస్టు 4వ తేదీ రాత్రి ఇంగ్లండు యుద్ధం ప్రకటించగానే జనం విల్‌హెల్మ్‌స్ట్రాసెలోని ఆ భవనం అద్దాలు రాళ్లతో పగులగొట్టారు. పద్నాలుగేళ్ల తరువాత, 1928లో, అదే భవనానికి ఆయన రాయబారిగా తిరిగి వచ్చాడు. నడుమ 1923లో తుర్కీతో లోజాన్ సంధి మీద ఇంగ్లండు తరఫున సంతకం చేసినదీ ఈయనే.

ఇక్కడ మరొక హైదరాబాదు వ్యక్తిని స్మరించాలి. నిజాం కళాశాల తొలి ప్రధానాచార్యుడు అఘోరనాథ చటోపాధ్యాయ గారి కుమారుడు, సరోజినీ నాయుడు గారి తమ్ముడు అయిన వీరేంద్రనాథుడు 1880లో హైదరాబాదులో పుట్టి, 1914లోనే జర్మనీ చేరాడు. బ్రిటిషు సామ్రాజ్యాన్ని కూలదోయడానికి బెర్లినులో భారతీయుల సంఘాన్ని నడిపాడు. హైదరాబాదు కొఠీదారు మనుమడు రాయబార భవనంలోను, హైదరాబాదు ఆచార్యుని కొడుకు దానికి వ్యతిరేకంగాను ఒకే నగరంలో పనిచేశారు. వీరేంద్రనాథుడు తరువాత మాస్కో చేరి, 1937లో స్టాలిన్ నాటి ఘోరకలిలో ప్రాణాలు పోగొట్టుకొన్నాడు.

1933 జనవరి 30న హిట్లరు అధికారానికి వచ్చాడు. ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కారం జరిగింది. ఏప్రిల్ 26న సర్ హోరేసు తన ప్రభుత్వానికి ఒక సుదీర్ఘమైన లేఖ పంపాడు. హిట్లరు వ్రాసిన 'మైన్ కాంఫ్' గ్రంథాన్ని ఆయన శ్రద్ధగా చదివి, అందులో ఉన్నది ఆవేశపు మాటలు కావనీ, అది కార్యక్రమమేననీ గుర్తించాడు. యుద్ధానికి తగిన బలం కూడేదాకా ఈ ప్రభుత్వం శాంతి వచనాలు పలుకుతుందనీ, వాటిని నమ్మి ఏమరుపాటున ఉండరాదనీ ఆ లేఖ సారాంశం. లండనులో మంత్రులు దానిని చదివారు, చదివి పక్కన పెట్టారు. రెండు నెలలకే వయసు నిండి సర్ హోరేసు పదవీ విరమణ చేశాడు. 1939 సెప్టెంబరులో ఆయన భయపడినదే జరిగింది. 1941లో, యుద్ధం మధ్యలోనే, ఆయన మరణించాడు.

ఇప్పుడు గ్రిండెల్ సంగతి. రెండవ బారనెట్టును ఎత్తుకుపోయిన ఆ చోటు తరువాతి శతాబ్దంలో హాంబుర్గు యూదుల పేట అయింది. 1906లో అక్కడ పెద్ద ప్రార్థనా మందిరం కట్టారు. 1938 తరువాత దానిని నేలమట్టం చేశారు. ఆ ఇళ్లలోని మనుషులను మరణశిబిరాలకు పంపారు. తొమ్మిదవ బారనెట్టు హెచ్చరించినది ఆ పని చేసిన ప్రభుత్వాన్ని గురించే. నేడు ఆ వీధుల్లో నడిచేవారి కాళ్ల ముందు చిన్న చిన్న ఇత్తడి పలకలు కనబడతాయి. ఒక్కొక్క దానిమీద ఒక మనిషి పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన చోటు.

పిత్రార్జితం

మన పెద్దల ధర్మశాస్త్రంలో పిత్రార్జితమంటే ఆస్తి ఒక్కటే కాదు. తండ్రి చేసిన అప్పు కూడా కొడుకు మీద ఉంటుంది. రంబోల్డు దొరల కథ చదువుతుంటే మాకు పదేపదే గుర్తుకు వచ్చినది ఈ న్యాయమే. బిరుదు నిరాటంకంగా తరం నుంచి తరానికి దిగింది. అప్పు దిగిందా?

సర్ థామస్ కుమార్తె ఎలిజబెత్ ఆన్ రంబోల్డు తండ్రి మీద పడిన నిందలను తుడిచివేయడానికి వ్రాసిన గ్రంథం 1868లో, ఆయన పోయిన డెబ్బయి ఏడేళ్లకు, వెలువడింది. ఆయన మద్రాసు రాకముందే బెంగాల్‌లో ధనవంతుడయ్యాడు, ఏ న్యాయస్థానమూ ఆయనను దోషి అని తేల్చలేదు. రెండూ నిజాలే. తండ్రి పేరు కోసం ముసలితనంలో అంత శ్రమపడిన ఆ కూతురిని మేము తప్పుపట్టము. చరిత్రకారుడు ఇరుపక్షాలూ వినవలసినదే. కాని వినడానికి రెండవ పక్షం మాట ఎక్కడున్నది? పల్లకీ మోసి మద్రాసు దాకా నడిచిన బోయీ మాట, దారిఖర్చుల కింద పన్ను కట్టిన కాపు మాట, పొల్లిలూరులో కూలిన గుంటూరు సిపాయీ మాట ఎవరు వ్రాశారు? కుంఫిణీ గుమాస్తా లెక్కలో వారు అంకెలుగా మాత్రమే మిగిలారు.

అలాగని తాత చేసిన పనికి మునిమనుమని కొడుకును బోనులో నిలబెట్టడమూ న్యాయం కాదు. బెర్లినులో కూర్చొని ఆ పుస్తకాన్ని నిజాయితీగా చదివి, ఉన్నది ఉన్నట్టు వ్రాసిన మనిషికి ఆ గౌరవం దక్కాలి. ఒక ఇంట్లో ఇద్దరూ పుట్టారు. ఒకరి వల్ల ఒకరు మాసిపోరు, ఒకరి వల్ల ఒకరు మెరుగూ కారు. ఎవరి ఖాతా వారిది. ఖాతా పుస్తకం మాత్రం ఒక్కటే. అందులోని పుటలు చింపకూడదు.

ఈ మాట మన ఇళ్లకూ వర్తిస్తుంది. మన తాతలలో జమీందారులున్నారు, కరణాలున్నారు, కూలీలున్నారు. పిల్లలకు మనం గొప్పలు మాత్రమే చెబితే అది చరిత్ర కాదు, పొగడ్త. ఏ ఊరి నుంచి వచ్చాము, ఏ చెరువు కింద సాగుచేశాము, ఎవరికి కష్టం కలిగించాము, ఎవరి వల్ల కష్టపడ్డాము అన్నది కూడా చెప్పాలి. చెప్పడంతో సరిపుచ్చక తెలుగులో వ్రాసి పెట్టాలి. ఇత్తడి పలక మీద ఒక్క పేరు నిలవడానికి ఈ దేశంవారు ఎంత శ్రద్ధ తీసుకొంటున్నారో మన పిల్లలు రోజూ చూస్తూనే ఉన్నారు. ఆ శ్రద్ధలో కొంత మన ఇళ్లలోని పెద్దవారి జ్ఞాపకాల మీద కూడా పెట్టగలిగితే, ఈ సంచికలో చదివిన ఈ పాతకథ ప్రయోజనం నెరవేరినట్టే.

బెర్లిన్ వెళ్లినప్పుడు విల్‌హెల్మ్‌స్ట్రాసె 70వ నంబరు ముందు ఒక్క నిమిషం ఆగండి. పాత భవనం యుద్ధంతో పోయింది. ఆ స్థలంలోనే 2000 సంవత్సరంలో కొత్త రాయబార కార్యాలయం వెలసింది. పక్కన మీ పిల్లలుంటే, ఇక్కడ పనిచేసిన ఒక దొరగారి బిరుదును మొదట పొందిన పూర్వికుని పేరు విజయనగరం, గుంటూరు లెక్కలలో ఉన్నదని చెప్పండి. ఆయన ఇక్కడి నుంచి వ్రాసిన ఉత్తరం సంగతి కూడా మరువకుండా చెప్పండి.